హ్యాండ్‌బాల్‌లో గురి కుదరాలంటే ముందు తప్పిన బంతి ఎటు పోయిందో చూడండి

మా ఊరు అమలాపురం నుంచి కాస్త లోపలికి, చుట్టూ కొబ్బరితోటలు, వరిచేలు. హైస్కూలు గ్రౌండ్‌లో ఉత్తరం వైపు గోల్ వెనకాలే పంటబోదె ఉంది. షాట్ బయటికి కొట్టినవాడే బోదెలోకి దిగి బంతి తేవాలని మాలో మాకు రూలు. సార్వా నాట్లప్పుడైతే మోకాలి లోతు నీళ్లు, అడుగున బురద, పైన గుర్రపుడెక్క, దిగితే చెప్పులు ఒకచోట మనం ఒకచోట. తొమ్మిదో తరగతిలో నేను గ్రౌండ్‌లో ఉన్నదానికంటే ఆ బోదెలో ఉన్నదే ఎక్కువ. చెయ్యి బలంగానే ఉండేది, బంతి రయ్యిన పోయేది, ఎటొచ్చీ గోల్‌లోకి మాత్రం పోయేది కాదు.

ఒకరోజు సాయంత్రం సెలవు మీద ఊరొచ్చిన సీనియర్ ఒకాయన గట్టు మీద కూర్చుని చూసి, "ఒరేయ్, మిగతావాళ్ల బంతులు తలో దిక్కునా పడుతున్నాయి, నీది మాత్రం ప్రతిసారీ ఆ తూము దగ్గరికే పోతోంది. తప్పడం కూడా గురిగా తప్పుతున్నావు కదరా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇన్నేళ్లలో షూటింగ్ గురించి నేను విన్న మాటల్లో పనికొచ్చింది మాత్రం అదే.

ఎందుకంటే షాట్లు ఒకేచోటికి తప్పుతున్నాయంటే మీ చెయ్యి మంచిదే, తప్పు ఒక్కటే ఉంది, అది దొరికితే పని అయిపోయినట్టే. ఒకటి కుడికి, ఒకటి పైకి, ఒకటి కీపర్ బొజ్జకి పోతున్నాయంటే అడుగులు ప్రతిసారీ మారిపోతున్నాయనో, అలసిపోయి కొడుతున్నారనో అర్థం. ఈ రెండు జబ్బులకీ మందు ఒకటి కాదు. కాబట్టి మొదటి రోజు ఏమీ మార్చకండి. 9 మీటర్ల గీత దగ్గర నుంచి మామూలుగా ఎలా కొడతారో అలాగే 30 షాట్లు కొట్టండి, ఒక చెల్లినో తమ్ముడినో పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టి, గోల్ బొమ్మ గీసి, ప్రతి బంతి ఎక్కడికి పోయిందో చుక్క పెట్టమనండి. గోల్‌లోకి పోయినవి కూడా పెట్టాలి. ఫలానా మూల అనుకుని కొడితే ఇంకో మూలకి పోయి గోల్ అయినది గోలే, కానీ గురి లెక్కలో అది తప్పే.

ఇప్పుడు ఆ చుక్కల్ని చదవండి. కుడిచేతి వాళ్లకి చెబుతున్నాను, పుర్రచెయ్యి వాళ్లు కుడి ఎడమలు తిప్పి చదువుకోండి. చెయ్యి కుడివైపు వెనక నుంచి ఎడమ ముందుకి తిరుగుతుంది కాబట్టి, బంతిని తొందరపడి వదిలేస్తే కుడికి పోతుంది, ఆలస్యంగా వదిలితే ఎడమకి లాగేస్తుంది. పైకీ కిందికీ కూడా అదే లెక్క, తొందరగా వదిలితే బార్ మీదుగా, ఆలస్యమైతే నేలకి. కుడికీ పైకీ రెండూ కలిసి తప్పుతుంటే, అంటే నా తూము కేసు, బంతి మరీ ముందే చేతిలోంచి జారిపోతోందన్నమాట. ఇక ఎందుకు జారిపోతోంది అని వెతికితే పదిసార్లకి ఏడెనిమిది సార్లు జవాబు చేతిలో ఉండదు, కింద కాళ్ల దగ్గర ఉంటుంది.

ఒక చిన్న లెక్క. 9 మీటర్ల నుంచి కొట్టేటప్పుడు బంతి దిశ 2 డిగ్రీలు పక్కకి పోతే గోల్ దగ్గరికి వెళ్లేసరికి దాదాపు 31 సెంటీమీటర్లు తేడా వస్తుంది. గోల్ వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. పెద్ద బంతి అడ్డంగా కొలిస్తే 19 సెంటీమీటర్లు. అంటే పోల్‌ని ఆనించి కొడదామని చూసేవాడు 2 డిగ్రీలు తప్పితే బంతి బయటికే. అందుకే పోల్ వైపు గురి పెట్టొద్దు, పోల్‌కి ఒకటిన్నర బంతి వెడల్పు లోపలికి గురి పెట్టండి. టీవీలో పోల్ లోపలి అంచుకి తగిలి లోపలికి పోయే గోల్స్ చూసి మనవాళ్లు అదే గురి అనుకుంటారు. వాళ్లు ఏళ్ల తరబడి రోజూ కొట్టేవాళ్లు, మనం స్కూలు వదిలాక గంట ఆడేవాళ్లం.

కాళ్ల సంగతి. బంతి పట్టుకున్నాక 3 అడుగులు వేయొచ్చు, కుడిచేతి వాళ్లకి ఎడమ, కుడి, ఎడమ. ఆ చివరి ఎడమ అడుగు మీదే షాట్ నిలబడేది. నిలబడి కొట్టేటప్పుడైతే ఆ పాదం బొటనవేలు మీరు కొట్టబోయే వైపు చూడాలి. నా పాదం ఎటు చూసేదో తెలుసా, కుడి సైడ్‌లైన్ వైపు. పాదం అలా అడ్డంగా పడితే తుంటి తిరగదు, తుంటి తిరగకపోతే ఒళ్లు సగంలో ఆగిపోతుంది, ఒళ్లు ఆగిపోతే ఒంటరి చెయ్యి ఎంతవరకు వస్తుంది, అక్కడే బంతి వదిలేస్తుంది. జంప్ షాట్ అయితే ఆ ఎడమకాలితో ముందుకీ పైకీ లేవాలి, కుడి మోకాలు బయటికి తిప్పి ఎత్తాలి, అప్పుడే గాల్లో నడుము తిరగడానికి చోటు దొరుకుతుంది.

పాదం ఎటు పడుతోందో మనకి మనం చూసుకోలేం, కిందికి చూస్తే షాట్ పోతుంది. ఇక్కడే మన డెల్టా గ్రౌండ్లు ఇండోర్ కోర్టుల కంటే నయం. వాన పడిన మర్నాడు ఒండ్రుమట్టి మెత్తగా ఉన్నప్పుడు నాలుగు షాట్లు కొట్టి ఆగండి, వెనక్కి నడిచి మీ అడుగులు చూసుకోండి. మూడో అచ్చు దగ్గర కూర్చుని ఒక పుల్లని మడమ నుంచి బొటనవేలు దాకా పెట్టి, అది ఎటు చూపిస్తోందో గమనించండి. ఇంకో సంగతి, అచ్చులో ముందు భాగం లోతుగా ఉందా, మడమ లోతుగా ఉందా? మడమ లోతుగా దిగిందంటే మీరు వెనక్కి వాలి కొడుతున్నారు, బార్ మీదుగా పోయే బంతులకి అదొక కారణం. అచ్చు పక్కకి సాగి గీతలా ఉందంటే కాలు జారుతోంది, ఆ రోజు పరుగు తగ్గించుకుని ఆడాలి. నేల ఎండిపోయి ఉంటే కోర్టు గీతలకి వాడే సున్నం కాస్త చల్లి దాని మీద అడుగు వేసినా చాలు.

ఇసుకలో ప్రాక్టీస్ చేస్తే మంచిదా అని చాలామంది అడుగుతారు, అంతర్వేది దగ్గరో ఓడలరేవు దగ్గరో ఉండేవాళ్లు మరీనూ. కాళ్ల బలానికి బ్రహ్మాండం. గురికి మాత్రం అంత పనికిరాదు, అడుగు దిగబడే నేల మీద అలవాటైన ఊపు గట్టి నేల మీద కుదరదు. బీచ్ హ్యాండ్‌బాల్ వేరే ఆట, అందులో గాల్లో పూర్తిగా ఒక చుట్టు తిరిగి గోల్ కొడితే 2 పాయింట్లు. సరదాగా ఆడుకోండి, దీంతో కలపొద్దు.

ఇక చెయ్యి. మోచేయి భుజం ఎత్తులోనో ఇంకాస్త పైనో ఉండాలి, చంక కిందికి దిగితే బంతి తోసినట్టు పోతుంది గానీ విసిరినట్టు పోదు. అరచెయ్యి బంతి వెనకాల ఉండాలి, పక్కకో కిందికో పోతే బంతి పక్కకి వంకర తిరుగుతుంది. చివరగా బంతిని వదిలేవి చూపుడువేలు, నడిమివేలు. వదిలాక ఆ రెండు వేళ్లూ ఎటు చూపిస్తున్నాయో అలాగే ఒక్క క్షణం ఆపి చూసుకోండి, మూల వైపు చూపిస్తే సరే. ఎడమచెయ్యి ఊరికే వేలాడకూడదు, ముందుకి చాచి గోల్ వైపు పెట్టి, కొట్టేటప్పుడు లోపలికి లాక్కోవాలి, ఆ లాగడంతోనే ఒళ్లు తిరుగుతుంది.

బంతి సైజు గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. స్కూలుకి ఒకే బంతి ఉంటుంది, అది పెద్దవాళ్ల బంతి, దానితోనే అందరూ ఆడతారు. 16 ఏళ్లు దాటిన మగవాళ్లది 3వ నంబరు, చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు, బరువు 425 నుంచి 475 గ్రాములు. 14 దాటిన ఆడపిల్లలకీ, 12 నుంచి 16 లోపు మగపిల్లలకీ 2వ నంబరు, 54 నుంచి 56 సెంటీమీటర్లు, 325 నుంచి 375 గ్రాములు. ఇంకా చిన్నవాళ్లకి 1వ నంబరు. మా దగ్గర ఒక తొమ్మిదో తరగతి పిల్ల షాట్లన్నీ కుడికే పోతుంటే నేను వారం రోజులు దాని కాలు సరిచేస్తూ కూర్చున్నాను. కాలు బాగానే ఉంది. వేళ్లు చాలక బంతిని ముంజేతికి ఆనించి మోసుకొచ్చి తోస్తోంది. పక్క ఊరి నుంచి 2వ నంబరు బంతి అడిగి తెచ్చి ఇచ్చాక మొదటి పది బంతుల్లో ఏడు మూలల్లో పెట్టింది. నేనేం నేర్పలేదు, వారం పాటు ఆ పిల్లని విసిగించడం తప్ప. బంతి ఒక చేత్తో పట్టుకుని నేలవైపు తిప్పితే జారిపోకుండా నిలవాలి, నిలవకపోతే సైజు మార్చండి. తడిసిన బంతితో గురి ప్రాక్టీస్ చేయొద్దు, నడుముకి ఒక తువ్వాలు కట్టుకుని తుడుచుకుంటూ ఉండండి.

ప్రాక్టీస్‌కి కీపర్ రోజూ దొరకడు. ధాన్యం మీద కప్పే పాత బరకం ఒకటి తెచ్చుకోండి, దాళ్వా కోతలయ్యాక చిరిగినవి ప్రతి ఇంట్లో ఉంటాయి. నాలుగు మూలల్లో అర మీటరు చదరం చొప్పున కోసేసి, కొబ్బరితాడుతో బార్‌కీ పోల్స్‌కీ కట్టేయండి. కింది అంచు వదులుగా ఉంచితే బంతి తగిలినప్పుడు చిరగదు. బంతి కన్నంలోంచి పోతే గోల్, బరకానికి తగిలితే కీపర్ పట్టినట్టు. మొదటి వారం 7 మీటర్ల నుంచి, నిలబడి, సగం పైన బలంతో కొట్టండి. పదికి ఏడు పోతుంటే 9 మీటర్లకి జరగండి, మళ్లీ ఏడు వస్తే అప్పుడు జంప్. బలం ఎప్పుడు పెంచాలి అంటే, గురి చెడకుండా ఎంత వస్తే అంతే. పూర్తి బలంతో కొట్టే షాట్ మ్యాచ్‌లో ఎప్పుడో ఒకటి రెండుసార్లు వస్తుంది, మిగతా అన్నిటికీ ముప్పాతిక బలం చాలు. రోజుకి 40 షాట్లు, పది పదిగా విడగొట్టి మధ్యలో రెండేసి నిమిషాలు ఆగి కొట్టండి, వారానికి మూడు రోజులు. ఒకేసారి 100 కొట్టి భుజం పట్టేసిందని నాలుగు రోజులు కూర్చునేవాళ్లని చాలామందిని చూశాను.

రెండు వారాలయ్యాక ఒకే మూలకి వరసగా కొట్టడం మానేయండి. ఒకే మూలకి పది కొడితే ఆరోదాని నుంచి అన్నీ పోతాయి, చెయ్యి అలవాటు పడిపోతుంది, మ్యాచ్‌లో ఆ అవకాశం ఎవడిస్తాడు? వెనకాల ఒకడు నిలబడి మీరు రెండో అడుగు వేసేటప్పుడు "కింద ఎడమ", "పైన కుడి" అని అరవాలి. మొదట్లో స్కోరు సగానికి పడిపోతుంది, బెంగ పడకండి.

ఎందుకింత గొడవ అంటే కీపర్ వల్ల. బంతి గంటకి 70 కిలోమీటర్ల వేగంతో పోతే 9 మీటర్లు దాటడానికి అర సెకనులోపే, దాదాపు 0.46 సెకన్లు. పెద్ద ఆటగాళ్లు 100 దాటిస్తారు, అప్పుడు 0.32. చూసి, అర్థం చేసుకుని, ఒళ్లు కదపడం మొదలుపెట్టడానికే మనిషికి 0.2 సెకన్ల దాకా పడుతుంది. కాబట్టి మంచి కీపర్ బంతిని చూసి కదలడు, మీ భుజం, మోచేయి, చూపు చూసి ముందే కదులుతాడు. మీరు పరుగు మొదలుపెట్టినప్పుడే ఆ మూలకే అని నిర్ణయించుకుని అటే చూస్తూ వస్తే, ఆ సంగతి వాడికి ఉత్తరం రాసి చెప్పినట్టే. గాల్లోకి లేచాక చూడండి, వాడి బరువు ఏ కాలి మీద ఉంది, చేతులు పైనున్నాయా కిందున్నాయా. బరువున్న కాలు తొందరగా లేవదు, కింద అటువైపు కొట్టండి. చేతులు పైకి చాచి పొడుగ్గా నిలబడితే తుంటి పక్కన, మోకాలి పక్కన. ముందుకి ఉరికొస్తే తల మీదుగా లాబ్, అంటే మెల్లగా ఎత్తుగా లేపి పడేసే షాట్, సముద్రం గాలి ఎదురుగా కొట్టే రోజు లాబ్ జోలికి పోకండి. మామూలు షాట్ తప్పి గాలి మీద తోసేస్తే మాత్రం నమ్మను, 400 గ్రాముల పైన బరువున్న బంతిని 9 మీటర్లలో గాలి అంతగా కదపదు.

దీనికి ప్రాక్టీస్ తేలిక. స్నేహితుడిని గోల్‌లో నిలబెట్టండి, మీ కాలు నేల వదిలాక వాడు ఏదో ఒక చెయ్యి ఎత్తాలి, మీరు రెండో వైపు కొట్టాలి. మెత్తటి బంతితో మొదలుపెట్టండి, లేకపోతే రేపటి నుంచి వాడు రాడు. కీపర్ తల దగ్గరగా కొట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి, 2022 నుంచి అడ్డం లేని ఖాళీ షాట్ కీపర్ తలకి తగిలితే 2 నిమిషాలు బయట కూర్చోవాలి.

నేలకి కొట్టి లేపే షాట్ చెక్క నేల మీద బాగా పనిచేస్తుంది, కీపర్ పాదం పక్కన, గోల్ గీతకి కాస్త ముందు పడాలి. మన మట్టి గ్రౌండ్ మీద, అదీ వానాకాలంలో, బంతి పడినచోటే చతికిలపడుతుంది. మ్యాచ్‌కి ముందు రెండు గోల్స్ దగ్గరా నాలుగుసార్లు నేలకి కొట్టి చూసుకోండి, లేవకపోతే ఆ రోజుకి ఆ షాట్ లేదనుకోండి.

వింగ్ నుంచి, అంటే కోర్టు పక్క మూల నుంచి కొట్టేవాళ్లకి ఒక్క మాట. మూల నుంచి చూస్తే గోల్ సన్నగా కనిపిస్తుంది, మూలలోనే పైకి లేస్తే కీపర్ ఒక కాలూ ఒక చెయ్యీ పెట్టి మూసేస్తాడు. డి లోపలికి, అంటే గోల్ ముందు కీపర్‌కి మాత్రమే వదిలిన గీత లోపలికి, గోల్ మధ్య వైపుకి దూకండి, గాల్లో ఉన్నంతసేపూ కోణం పెరుగుతుంది, కింద పడేలోపు బంతి చేతిలోంచి పోతే చాలు, తర్వాత డిలో పడినా తప్పు లేదు. కుడి వింగ్‌లో పుర్రచెయ్యి వాడు ఉంటే బంగారం. వాళ్లు డెన్మార్క్ ఆటగాడు మథియాస్ గిడ్సెల్ వీడియోలు చూడాలి, అతను ఆడేది వింగ్ కాదు కుడి బ్యాక్, అయినా బలం మీద కంటే అడుగుల మీద గోల్ ఎలా కొడతారో అతన్ని చూస్తే తెలుస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్ల స్వర్ణం వాళ్లదే.

భుజం కోసం పాత సైకిల్ ట్యూబు కోసి కిటికీ ఊచకి కట్టుకోండి. మోచేయి పక్కటెముకలకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పుతూ నెమ్మదిగా లాగాలి, 15 సార్లు, మూడు విడతలు. విసిరే చేతిని ఆపేవి భుజం వెనక కండరాలే, అవి బలహీనంగా ఉంటే నొప్పి, నొప్పి ఉంటే మోచేయి దానంతటదే కిందికి దిగుతుంది. నొప్పి వారం దాటినా తగ్గకపోతే నూనె రాసుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించండి.

సెవెన్ మీటర్, అంటే 7 మీటర్ల గీత దగ్గర నుంచి కీపర్ ఒక్కడి మీద కొట్టే పెనాల్టీ, చివరికి ఎందుకు ఉంచానంటే, దాన్ని ప్రాక్టీస్‌లో కూడా చివర్నే ఉంచాలి, ఒళ్లు అలిసి చెమటలు కారుతున్నప్పుడు. విజిల్ పడ్డాక 3 సెకన్లలో కొట్టాలి, బంతి చేతిలోంచి పోయేదాకా గీత తొక్కకూడదు, ఒక పాదం నేల వదలకూడదు. కీపర్ 4 మీటర్ల గుర్తు దాకా ముందుకి రావచ్చు, వస్తే గోల్ మొత్తం వాడే ఉన్నట్టు కనిపిస్తుంది. పదో తరగతిలో ఒక మ్యాచ్ ఆఖర్లో స్కోరు సమానంగా ఉండగా నాకు సెవెన్ మీటర్ వచ్చింది. టెన్షన్‌లో విజిల్ పడీ పడగానే, కీపర్‌ని చూడకుండా, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను, బంతి బార్ మీదుగా పోయింది. అది వేరే ఊరి గ్రౌండ్, అక్కడ బోదె కూడా లేదు. 3 సెకన్లు చాలా ఎక్కువ సమయమని నాకు తర్వాత తెలిసింది. విజిల్ పడ్డాక ఒక ఊపిరి వదిలి, ఒకసారి కొడుతున్నట్టు చెయ్యి ఆడించి, కీపర్ ఎటో కదిలాక కొట్టినా ఇంకా టైం మిగులుతుంది. ఇంట్లో ఎవరినైనా పక్కన నిలబెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టించుకుని చూడండి.

మా దగ్గర ఇప్పుడు రోజూ ఆఖరికి తలా అయిదు సెవెన్ మీటర్లు. పాత రూలు అలాగే ఉంది, బయటికి కొట్టినవాడే బోదెలోకి దిగాలి, పెద్దా చిన్నా లేదు. నిన్న దిగింది నేనే. బంతి మాత్రం తూము దగ్గర పడలేదు, ఎడమ వైపు పడింది, ఆలస్యంగా వదిలానన్నమాట.